పరిశోధనను తూచే తక్కెడ: ఊపిరితిత్తుల క్యాన్సర్ జన్యువు కథ

హైదరాబాదు నగరానికి వాయవ్య దిక్కున, కూకట్‌పల్లిని ఆనుకొని ప్రగతి నగర్ ఉన్నది. ఉదయం ఇక్కడి ఇళ్ళనుండి కొందరు హైటెక్ సిటీకి వెళ్ళి కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. మరికొందరు బాచుపల్లి వైపున్న ఔషధ కర్మాగారాలకు వెళతారు. ఒకరిది లెక్క కట్టే వృత్తి, మరొకరిది మందు చేసే వృత్తి. ఈ రెండు వృత్తులకూ సంబంధించిన ఒక ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఒక శాస్త్రజ్ఞుడు జీవితకాలం చేసిన పరిశోధన విలువను అంకెలతో కొలవవచ్చునా?

నేడు ఏ శాస్త్రజ్ఞుని పేరైనా కంప్యూటరుకు అందిస్తే, ఆయన ఎన్ని పత్రాలు వ్రాశాడో, వాటిని ఇతరులు ఎన్నిసార్లు పేర్కొన్నారో క్షణంలో తెలుస్తుంది. ఆ అంకెలను చూచి ఉద్యోగాలు ఇస్తున్నారు, పరిశోధనలకు ధనం మంజూరు చేస్తున్నారు. కనుక ఆ అంకెలు ఏమి చెబుతాయో, ఏమి చెప్పలేవో తెలుసుకోవడం అవసరం. ఇందుకు మన హైదరాబాదులోనే చదువుకొన్న ఒక క్యాన్సర్ శాస్త్రజ్ఞుని కృషి చక్కని ఉదాహరణ. ఆయన పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి.

ఉల్లేఖనం అంటే ఏమిటి?

ఏ పరిశోధనా శూన్యంలోనుండి పుట్టదు. శాస్త్రజ్ఞుడు తన పత్రం వ్రాసేటప్పుడు, తనకు ముందు ఎవరు ఏమి కనుగొన్నారో, వారి పనిలో తాను దేనిని ఆధారంగా తీసుకొన్నాడో చివర వరుసగా పేర్కొంటాడు. ఇట్లా పేర్కొనడాన్నే ఉల్లేఖనం అంటారు. న్యాయస్థానంలో వకీలు పూర్వపు తీర్పులను ఉదహరించి తన వాదం నిలబెట్టుకోవడం పాఠకులకు తెలిసినదే. అమెరికాలో ఏ తీర్పును తరువాత ఏ ఏ తీర్పులలో ఉదహరించారో చూపే సూచికలు 1873 నుండి వెలువడుతూ ఉండేవి.

ఈ పద్ధతిని విజ్ఞానశాస్త్రానికి కూడా వర్తింపజేయవచ్చునని 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన సూచించాడు. తరువాత ఆయన ఫిలడెల్ఫియా నగరంలో ఒక సంస్థను స్థాపించి, 1960వ దశకంలో శాస్త్ర ఉల్లేఖన సూచికను ప్రచురించడం ప్రారంభించాడు. ఆయన ముఖ్యోద్దేశం శాస్త్రజ్ఞులకు మార్కులు వేయడం కాదు. ఒక పాత పత్రాన్ని చేత బట్టుకొని, దానినుండి పుట్టిన కొత్త పత్రాలను వెదకి పట్టుకోవడానికి దారి చూపడం. వెనుకకు మాత్రమే చూడగలిగిన పాఠకునికి ముందుకు చూచే వీలు కలిగింది. కాని దారి చూపడానికి వేసిన గుర్తులను క్రమంగా లోకం తూనికరాళ్ళుగా వాడసాగింది.

ఉస్మానియానుండి అమెరికాకు

ప్రేమ్‌కుమార్ రెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పిహెచ్.డి. పట్టం పొందారు. తరువాత అమెరికా వెళ్ళి, అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో పరిశోధకులైనారు. అప్పటికి క్యాన్సర్ గురించిన భావాలు త్వరగా మారుతున్నవి. జంతువులలో క్యాన్సర్ కలిగించే కొన్ని వైరసులు ఉన్నవని, ఆ వైరసులలోని దోషకారక జన్యువులు నిజానికి ఆరోగ్యవంతమైన కణాలనుండి సంగ్రహించుకొన్నవేనని తేలింది. వీటికి ఆంకోజీనులని పేరు. 1960వ దశకంలో హార్వే, కిర్‌స్టెన్ అనే పరిశోధకులు ఎలుకలలో ఇటువంటి రెండు వైరసులను కనుగొన్నారు. ఆ వైరసులనుండి గుర్తించిన జన్యువులే హెచ్-రాస్, కె-రాస్. మనిషి కణాలలో కూడా వీటికి సమానమైన జన్యువులు ఉన్నవి.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఎదురైనది. రాస్ జన్యువు మనందరి కణాలలోను ఉన్నది. అది ఉన్నంతమాత్రాన క్యాన్సర్ రావడం లేదు. మరి క్యాన్సర్ కణంలోని రాస్ జన్యువుకు, ఆరోగ్యవంతమైన కణంలోని రాస్ జన్యువుకు భేదమేమిటి?

ఆరువేల అక్షరాలలో ఒక్కటి

ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన పద్ధతి తెలుసుకోదగినది. టి-24 అనే పేరుగల కణాలు మనిషి మూత్రాశయపు క్యాన్సర్‌నుండి తీసి, ప్రయోగశాలలో పెంచుతున్నవి. వీటి జన్యుపదార్థాన్ని, అనగా డి.ఎన్.ఏ.ను తీసి, గాజు పాత్రలో పెరుగుతున్న చుంచెలుక కణాలపై చేర్చితే, ఆ కణాలలో కొన్ని క్రమం తప్పి ఒకదానిపై ఒకటి గుట్టలుగా పెరుగుతాయి. ఆరోగ్యవంతమైన మనిషి డి.ఎన్.ఏ.ను చేర్చితే అట్లా జరగదు. ఈ గుట్టలే పరీక్షా సాధనం. ఏ ముక్క చేర్చినప్పుడు గుట్టలు కనబడతాయో ఆ ముక్కలో దోషం ఉన్నదన్నమాట.

ఈ విధంగా వెదకగా, మనిషి డి.ఎన్.ఏ.లోని సుమారు 300 కోట్ల అక్షరాలలోనుండి, దోషం ఆరువేలకు పైచిలుకు అక్షరాలుగల ఒక ముక్కకు పరిమితమైనది. అది హెచ్-రాస్ జన్యువున్న ముక్క. తరువాతి పని ఇంకా సూక్ష్మమైనది. ఆరోగ్యవంతమైన జన్యువును, టి-24 జన్యువును ఒకే చోట్ల కత్తిరించి, దీని భాగాన్ని దానికి, దాని భాగాన్ని దీనికి అతికించి, సంకర జన్యువులను తయారు చేశారు. ఒక్కొక్కదానిని చుంచెలుక కణాలపై పరీక్షించారు. ఏ చిన్న భాగం మారితే గుణం మారుతున్నదో గుర్తించి, ఆ భాగంలోని అక్షరాలను ఒక్కొక్కటిగా చదివారు.

తేలిన భేదం ఒకే ఒక్క అక్షరం! జన్యువులో మూడు అక్షరాలు కలిసి ఒక పదంగా పనిచేస్తాయి. ఒక్కొక్క పదం ప్రోటీనులో ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని నిర్దేశిస్తుంది. హెచ్-రాస్ జన్యువులోని పన్నెండవ పదంలో గ్వానిన్ ఉండవలసిన చోట థైమిన్ చేరినది. దానివల్ల ప్రోటీనులో పన్నెండవ స్థానాన గ్లైసిన్‌కు బదులు వాలిన్ వచ్చి కూర్చున్నది. 189 అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కటి మారినందుకే కణం అదుపు తప్పినది.

ప్రేమ్‌కుమార్ రెడ్డి, రొబర్టా రెనాల్డ్స్, యుజీనియో సాంటోస్, మరియానో బార్బసిడ్ అనే నలుగురు ఈ ఫలితాన్ని 1982 నవంబరులో నేచర్ పత్రికలో ప్రకటించారు. అదే సంచికలో, వారి పత్రానికి ముందు పుటలలోనే, రాబర్ట్ వైన్‌బర్గ్ బృందంవారి పత్రం కూడా అదే ఫలితాన్ని తెలిపినది. మరుసటి నెలలో మైకేల్ విగ్లర్ బృందంవారి పత్రం వెలువడినది. మూడు బృందాలు మూడు చోట్ల పనిచేసి ఒకే అక్షరం వద్దకు చేరుకొన్నవి. మనిషి క్యాన్సర్‌కు సంబంధించిన ఒక జన్యువులో ఫలానా మార్పు అని వేలుపెట్టి చూపగలగడం అదే మొదటిసారి.

ఊపిరితిత్తులలో అదే దోషం

ఈ ఫలితంపై ఒక న్యాయమైన సందేహం వచ్చినది. టి-24 కణాలు ఎన్నో ఏండ్లుగా గాజు పాత్రలలో పెరుగుతున్నవి. ఆ అక్షరం మార్పు రోగి శరీరంలోనే జరిగినదా, లేక తరువాత పాత్రలో జరిగినదా? మరొక సందేహం: ఆ మార్పు రోగికి పుట్టుకతోనే వచ్చి ఉండవచ్చును గదా?

దీనికి సమాధానం ఊపిరితిత్తుల క్యాన్సర్‌నుండి లభించినది. ప్రేమ్‌కుమార్ రెడ్డి కూడా భాగస్వామిగా ఉన్న ఒక బృందం, ఇటలీ శాస్త్రజ్ఞుల సహకారంతో, 66 ఏండ్ల ఒక రోగి ఊపిరితిత్తులనుండి తీసిన క్యాన్సర్ గడ్డను పరీక్షించింది. ఆ గడ్డలో కె-రాస్ జన్యువు మారి ఉన్నది. అదే రోగి శ్వాసనాళపు ఆరోగ్యవంతమైన భాగాన్ని, ఊపిరితిత్తుల ఆరోగ్యవంతమైన భాగాన్ని, రక్తంలోని లింఫోసైటు కణాలను పరీక్షించగా వాటిలో ఆ మార్పు లేదు. అనగా ఆ దోషం తల్లిదండ్రులనుండి వచ్చినది కాదు, గాజు పాత్రలో పుట్టినదీ కాదు. ఆ మనిషి జీవితకాలంలో, ఆ ఊపిరితిత్తిలోనే, గడ్డగా మారిన కణాలలో జరిగినది. ఈ పత్రం 1984లో సైన్స్ పత్రికలో వెలువడినది.

తరువాత 1987లో హాలండు శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల గ్రంథి కణజాలంలో పుట్టే క్యాన్సర్ గడ్డలు పదింటిని పరీక్షించగా, అయిదింటిలో కె-రాస్ మారి ఉన్నది. పొగత్రాగేవారిలో ఈ మార్పు ఎక్కువ. పొగాకు పొగలోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు డి.ఎన్.ఏ.లోని గ్వానిన్‌కు అతుక్కొంటాయి. కణం విభజన చెందేటప్పుడు అతుకు పడిన అక్షరం తప్పుగా నకలు అయి, గ్వానిన్ స్థానంలో థైమిన్ చేరుతుంది. చుట్టగాని, బీడీగాని, సిగరెట్టుగాని కాల్చిన ప్రతిసారి ఊపిరితిత్తులలోని కణాలకు ఈ ప్రమాదం ఎదురవుతూనే ఉంటుంది.

ఒక స్విచ్చి చెడితే

అయితే ఒక్క అమైనో ఆమ్లం మారితే అంత అనర్థం ఎందుకు? రాస్ ప్రోటీను కణంలో విద్యుత్ దీపపు స్విచ్చివలె పనిచేస్తుంది. పెరగవలసినదని బయటినుండి కబురు వచ్చినప్పుడు అది జి.టి.పి. అనే అణువును పట్టుకొని 'వెలుగుతుంది'. పని కాగానే జి.టి.పి.లోని ఒక ఫాస్ఫేటును తెంచివేసి 'ఆరిపోతుంది'. ఈ తెంపే పని జరిగే చోటికి దగ్గరగా పన్నెండవ స్థానం ఉన్నది. గ్లైసిన్ అన్ని అమైనో ఆమ్లాలలోను చిన్నది. దాని స్థానంలో పెద్దది దాదాపు ఏది చేరినా తెంపే పనికి అడ్డు తగులుతుంది. స్విచ్చి ఆరదు. కబురు లేకపోయినా కణం పెరుగుతూనే పోతుంది.

సంగతి తెలిసినది కనుక, ఆ స్విచ్చిని ఆర్పే మందు త్వరలోనే రాగలదని అందరు ఆశించారు. కాని 30 ఏండ్లు గడచినా రాలేదు. రాస్ ప్రోటీను జి.టి.పి.ని అత్యంత గట్టిగా పట్టుకొంటుంది. దానిని తొలగించి మందును అక్కడ నిలపడం అసాధ్యమైనది. ఆ ప్రోటీను పైభాగంలో మందు దూరి కూర్చొనే లోతైన గుంట కూడా కనబడలేదు. మందుకు లొంగని ప్రోటీను అని దానికి పేరు పడినది.

2013లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞుడు కెవన్ షోకట్, ఆయన సహచరులు ఒక ఉపాయం కనుగొన్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో తరచుగా కనబడే కె-రాస్ మార్పులలో ఒకదానిలో పన్నెండవ స్థానాన సిస్టీన్ వస్తుంది. సిస్టీన్‌లో గంధకం ఉన్నది. ఆ గంధకాన్ని పట్టుకొని విడువని అణువులను తయారు చేసి పరీక్షించగా, దాని ప్రక్కనే అంతవరకు కనబడని గుంట ఒకటి బయటపడినది. రోగాన్ని కలిగించిన మార్పే మందుకు పిడి అయినది. ఆరోగ్యవంతమైన రాస్‌లో ఆ స్థానాన గంధకం లేదు కనుక మందు దానిని పట్టుకోదు.

ఈ దారిలో తయారైన సోటొరాసిబ్ అనే మందుకు 2021 మే నెలలో, అడాగ్రాసిబ్ అనే మందుకు 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది. పాశ్చాత్య దేశాలలో ఊపిరితిత్తుల గ్రంథి క్యాన్సర్ రోగులలో సుమారు 13 శాతానికి ఈ ప్రత్యేకమైన మార్పు ఉంటుంది. సోటొరాసిబ్ పరీక్షలలో నూటికి 36, 37 మంది రోగులకు గడ్డలు గణనీయంగా తగ్గినవి. ఇది పూర్తిగా నయం చేసే మందు కాదు. చాలమందిలో కొన్ని నెలలకు రోగం మరల విజృంభిస్తుంది. అయినా 1982లో గుర్తించిన ఒక్క అక్షరంనుండి 2021లో రోగి నోటికి అందిన మాత్ర వరకు దారి తెగకుండా సాగినది. ఆ దారి పొడవు 39 ఏండ్లు.

అంకెలు చెప్పేది, చెప్పలేనిది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. శాస్త్రజ్ఞుని కొలిచే అంకెలలో నేడు ప్రసిద్ధమైనది హెచ్ సూచిక. దీనిని 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. దీనిని లెక్కించడం తేలిక. ఒక శాస్త్రజ్ఞుడు ఆరు పత్రాలు వ్రాశాడనుకొందాం. వాటికి వచ్చిన ఉల్లేఖనాలు వరుసగా 40, 12, 7, 5, 4, 1. నాలుగు పత్రాలకు కనీసం నాలుగేసి ఉల్లేఖనాలున్నవి. అయిదు పత్రాలకు అయిదేసి లేవు. కనుక ఆయన సూచిక 4. మరొకాయన మూడు పత్రాలే వ్రాశాడు. వాటికి వచ్చినవి 900, 3, 2. ఆయన సూచిక 2 మాత్రమే. తొమ్మిది వందలమందికి దారి చూపిన పత్రం వ్రాసినవాడు ఈ తక్కెడలో తేలికైపోయాడు!

కేవలం మొత్తం ఉల్లేఖనాలను లెక్కించినా చిక్కు తీరదు. ప్రోటీను ఎంత ఉన్నదో కొలిచే ఒక పద్ధతిని గురించి ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు 1951లో వ్రాసిన పత్రానికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనాలు వచ్చినవి. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని తెలిపిన 1953నాటి వాట్సన్, క్రిక్‌ల పత్రం, 2014లో నేచర్ పత్రిక లెక్క కట్టించినప్పుడు, మొదటి నూరింటిలో కూడా లేదు. కారణం స్పష్టమే. ప్రయోగశాలలో నిత్యం వాడే పద్ధతిని వాడిన ప్రతివారు పేర్కొంటారు. పాఠ్యపుస్తకంలో చేరి అందరి సొత్తయిన సత్యాన్ని ఎవరూ పేర్కొనరు. సున్నను వాడిన ప్రతి లెక్కలోను దానిని కనిపెట్టినవారిని మనం తలుస్తున్నామా? రాస్ జన్యువులో పన్నెండవ పదం మారితే క్యాన్సర్ రాగలదని నేడు ప్రతి వైద్య విద్యార్థికి తెలుసు. అంతగా తెలిసినందువల్లనే 1982నాటి మూడు పత్రాలను పేర్కొనవలసిన అవసరం తగ్గుతూ వచ్చినది.

మరొక సంగతి కూడా ఉన్నది. ఎక్కువ ఉల్లేఖనాలుగల శాస్త్రజ్ఞుని ప్రతి ప్రయత్నమూ సఫలం కావాలని లేదు. ప్రేమ్‌కుమార్ రెడ్డి తరువాత ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలోను, టెంపుల్ విశ్వవిద్యాలయపు ఫెల్స్ సంస్థలోను, అటుపిమ్మట న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ వైద్య విద్యాలయంలోను పనిచేశారు. 1987లో ఆంకోజీన్ అనే పేరుతోనే వెలువడిన పత్రికకు ఆయన స్థాపక సంపాదకులు. ఆబెల్‌సన్ వైరసు జన్యుపాఠాన్ని 1983లో ఆయన బృందం పూర్తిగా చదివినది. ఆ వైరసులోని ఎ.బి.ఎల్. జన్యువుకు సంబంధించిన ఒక రక్త క్యాన్సర్‌కే 2001లో ఇమాటినిబ్ అనే ప్రసిద్ధమైన మందు వచ్చినది. అయితే ఆయన ప్రయోగశాలలో పుట్టిన రిగోసెర్టిబ్ అనే మందు, మూలుగకు సంబంధించిన ఒక రక్తవ్యాధిపై జరిగిన మూడవ దశ పరీక్షలలో ఆశించిన ప్రయోజనం చూపలేదు. విజయం, వైఫల్యం రెండూ ఒకే కృషిలోని భాగాలు. ఉల్లేఖనాల మొత్తంలో ఈ భేదం కనబడదు.

అంతమాత్రాన ఉల్లేఖనాల లెక్క వ్యర్థమని అనరాదు. ఒక పత్రాన్ని ఎవరెవరు ఆధారం చేసుకొన్నారో చదువుతూ పోతే, 1982నుండి 1984కు, అక్కడినుండి 1987కు, 2013కు, 2021కు మనం నడచిన దారి కనబడుతుంది. గార్‌ఫీల్డ్ ఉద్దేశించిన ప్రయోజనం ఇదే. ఉల్లేఖనాలను చదవడం మేలు. చదవకుండా కేవలం కూడడంలోనే ప్రమాదం ఉన్నది. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు, సంపాదకులు కొందరు, పత్రిక పేరును, దాని ప్రభావ గుణకాన్ని చూచి పరిశోధకుని విలువ నిర్ణయించరాదని, పత్రంలో ఏమున్నదో చదివి నిర్ణయించవలెనని ఒక ప్రకటన రూపొందించారు. ప్రపంచమంతటా వేలాది సంస్థలు, వ్యక్తులు దానిపై సంతకాలు చేశారు.

ఎవరికోసం ఈ లెక్క?

2022లో ప్రపంచంలో సుమారు 25 లక్షలమందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా వచ్చినది. సుమారు 18 లక్షలమంది దానివల్ల మరణించారు. క్యాన్సర్ మరణాలలో మొదటి స్థానం దీనిదే. నేడు ఈ రోగికి చికిత్స నిర్ణయించేముందు, ఏ జన్యువులో ఏ అక్షరం మారినదో తెలుసుకోవడం వైద్యునికి ముఖ్యమైనది. మన దేశపు రోగులలో కె-రాస్‌కంటె ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఎక్కువగా కనబడుతుంది. దానికి మందులు వేరు. గడ్డను సూక్ష్మదర్శినిలో చూడడంతో సరిపెట్టక, దాని జన్యుపాఠాన్ని చదివి మందు ఎంచుకొనే ఈ పద్ధతికి పునాదిరాళ్ళలో ఒకటి 1984నాటి ఆ చిన్న పత్రం.

ఆ పత్రానికి మూలమైన గడ్డను ఇచ్చిన 66 ఏండ్ల రోగికి ఈ మందులేవీ అందలేదు. ఆయన పేరు ఏ సూచికలోను లేదు. ఆయనవల్ల కలిగిన జ్ఞానంతో 37 ఏండ్ల తరువాత ఇతరులకు మందు వచ్చినది. 1984నాటి ఆ పత్రాన్ని ఎవరైనా మూడేండ్ల ఉల్లేఖనాలతో తూచి, దీనివల్ల మందు పుట్టలేదు గనుక నిష్ప్రయోజనమని ధనం నిలిపివేసి ఉంటే, ఆ దారి ఆనాడే మూతపడి ఉండేది.

ప్రగతి నగర్‌లో నేడు పరిశోధనకు సిద్ధమవుతున్న విద్యార్థి ఎవరైనా ఉంటే, తన పేరు ప్రక్క అంకె ఎంత పెరిగినదని అడిగేముందు, తాను ఎదుర్కొన్న ప్రశ్న ఎంత స్పష్టమైనదని అడుగుకోవడం మంచిది. 'రెండు జన్యువులకు భేదమేమిటి?' అన్నది చాలా చిన్న ప్రశ్న. దానికి వచ్చిన సమాధానం ఒక్క అక్షరం. ఇక పరిశోధకులు కాని మనందరికీ ఈ కథలో మరొక పాఠం ఉన్నది. చెడిన స్విచ్చిని ఆర్పే మందుకోసం శాస్త్రజ్ఞులు నాలుగు దశాబ్దాలు శ్రమించవలసి వచ్చినది. పొగత్రాగడం మానితే ఆ స్విచ్చి చెడే అవకాశమే చాలవరకు తగ్గుతుంది. ఆ పని మన చేతిలోనే ఉన్నది.